వడ్డించేవాడు మనవాడైతే...

2025 జనవరిలో ఓ వీడియో బయటికొచ్చి దేశమంతా చుట్టేసింది, గుర్తుందా? ఎల్ అండ్ టి ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్‌గారు తన ఉద్యోగులతో మాట్లాడుతూ, ఆదివారాలు కూడా మీచేత పని చేయించలేకపోతున్నందుకు విచారంగా ఉందన్నారు. వారానికి 90 గంటలు పనిచెయ్యాలన్నారు. అంతటితో ఆగినా బాగుండేది. ఇంట్లో కూచుని ఏం చేస్తారు, భార్య ముఖం ఎంతసేపని చూస్తారు, భార్యలు మాత్రం మొగుళ్ళ ముఖం ఎంతసేపని చూస్తారు అని కూడా అనేశారు.

ఇక చూడండి, పేపర్ల నిండా కార్టూన్లు, ఫోన్ల నిండా జోకులు. మా ఆవిడ అద్భుతమైన మనిషి, ఆమెను చూస్తూ ఉండడం నాకిష్టమేనని ఆనంద్ మహీంద్రాగారు అన్నారు. దేశాన్ని నిర్మించాలనే పెద్ద ఆశయంతో అన్న మాట అది, అసాధారణ ఫలితాలు కావాలంటే అసాధారణ కృషి ఉండాలి కదా అని కంపెనీ సర్దిచెప్పింది. నలుగురు ఆడవాళ్ళు చేరిన చోటల్లా కొన్నాళ్ళపాటు ఇదే కబురు.

ఆదివారం ఇంట్లో ఏం చేస్తారన్న ప్రశ్నకి జవాబు ప్రభుత్వం దగ్గరే ఉంది. మనవాళ్ళు రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో కేంద్రం 2024లో సర్వే చేసింది. జీతం లేని ఇంటి చాకిరీ చేసేవాళ్ళలో ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారట. 289 నిమిషాలంటే దాదాపు ఐదు గంటలు. ఆఫీసులో 90 గంటలుండే మనిషికి ఇస్త్రీ చొక్కా, వేళకి అన్నం, పిల్లల హోంవర్కు, ముసలితల్లి బి.పి. మాత్ర ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఆ లెక్కలో ఉంది. సరే, ఈ సంగతి మీద చాలామంది రాశారు. నేను రాయాలనుకున్నది ఇది కాదు.

ఆ గొడవలో ఒక అంకె పైకి తేలి, రెండురోజులు కనపడి, మళ్ళీ మునిగిపోయింది. ముఖాల గురించి అంత మాట్లాడుకున్న మనం ఆ అంకె గురించి మాట్లాడుకోలేదు. 2023-24 సంవత్సరానికి సుబ్రహ్మణ్యన్‌గారికి కంపెనీ ఇచ్చిన మొత్తం 51 కోట్ల 5 లక్షల రూపాయలు. అది ఆ కంపెనీ ఉద్యోగుల్లో నట్టనడుమ ఉన్నవాడి జీతానికి 534 రెట్లు.

నట్టనడుమ అంటే ఏమిటంటారా? ఉద్యోగులందర్నీ జీతాన్ని బట్టి వరసలో నిలబెట్టండి, తక్కువవాడు ఈ చివర, ఎక్కువవాడు ఆ చివర. సరిగ్గా మధ్యలో నిలబడినవాడి జీతం అన్నమాట. ఆ ఏడాది అది 9 లక్షల 55 వేలు. మన చిన్న ఊళ్ళల్లో అది చాలా మంచి జీతమే, సంబంధాలు వెతుక్కుంటూ వచ్చే జీతం. ఆ జీతగాడు ఒక్క పైసా ఖర్చుపెట్టకుండా దాచినా, ఛైర్మన్‌గారి ఒక్క ఏడాది సంపాదనకి చేరాలంటే 534 ఏళ్ళు పనిచెయ్యాలి. 2024లో పూర్తికావాలంటే 1490లో మొదలుపెట్టి ఉండాలి. అప్పటికి కృష్ణదేవరాయలు పట్టానికి రావడానికి ఇంకా పంతొమ్మిదేళ్ళుంది! మరోరకంగా చూస్తే ఛైర్మన్‌గారికి ఆదివారాలతో సహా రోజుకి సుమారు 14 లక్షలు. నడిమివాడు ఏడాదంతా సంపాదించేది ఆయనకి ఒకరోజు సాయంత్రంలోపే వచ్చేస్తుంది.

ఈ లెక్క ఎవరో గిట్టనివాళ్ళు వేసింది కాదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం షేర్‌మార్కెట్లో ఉన్న ప్రతి కంపెనీ తన డైరెక్టర్ల జీతాలు నడిమి ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లో ఏటా తన నివేదికలో చెప్పితీరాలి. కంపెనీ తన చేత్తో తానే అచ్చువేసిన అంకె ఇది. పోనీ ఎల్ అండ్ టి ఒక్కటే ఇలా ఉందా అంటే అదీ కాదు. ఇన్ఫోసిస్ ముఖ్యాధికారికి 2024-25లో 80 కోట్ల 62 లక్షలు వచ్చాయి, నడిమి ఉద్యోగికి 750 రెట్ల పైమాట. అందులో సగానికి పైగా షేర్ల రూపంలో వచ్చిందే. అన్నట్టు అలాంటి కంపెనీల్లోనే కదూ మన పిల్లలు ఇంజనీరింగు ముగించి చేరుతున్నది! కొత్తగా చేరేవాళ్ళలో ఎక్కువమందికి ఇచ్చే జీతం పదేళ్ళ పైనుంచీ ఏడాదికి మూడున్నర లక్షల చుట్టుపక్కలే తచ్చాడుతోంది. ఈ పదేళ్ళలో కందిపప్పు ధర, హైదరాబాదులో హాస్టలు అద్దె ఎక్కడున్నాయో మనకి ఒకరు చెప్పాలా?

ఇంకో చిత్రం ఉంది. ఆ వరసలో నిలబడేది కంపెనీ పుస్తకాల్లో పేరున్నవాళ్ళే. గాజుమేడల్లో నేల తుడిచే మనిషి, గేటు దగ్గర రాత్రంతా నిలబడే వాచ్‌మన్, ఎండలో ఇటుకలు మోసే కూలీ చాలావరకూ కాంట్రాక్టరు మనుషులు. వాళ్ళు అసలు వరసలోనే లేరు. ఎల్ అండ్ టి పని కట్టడాలది. ఆనకట్టలు, వంతెనలు, మన హైదరాబాదు మెట్రో కట్టింది వాళ్ళే. కట్టడమంటే మనకు మొదట గుర్తొచ్చేది పాలమూరు లేబరు, శ్రీకాకుళం నుంచి వలసపోయే కుటుంబాలు. సంసారాన్ని మూటకట్టుకుని, చంటిపిల్లని ఇసకకుప్ప పక్కన చీర ఉయ్యాల్లో వేసి తట్టలు మోసే ఆడవాళ్ళు. వాళ్ళని కూడా వరసలో నిలబెడితే నడిమి మనిషి ఎంత కిందికి జరుగుతాడో, 534 ఎంత పైకి పోతుందో ఊహించండి. 2025 ఫిబ్రవరిలో ఇదే ఛైర్మన్‌గారు మరో సభలో, సంక్షేమ పథకాల వల్ల కూలీలు ఊళ్ళు వదిలి పనికి రావడానికి ఇష్టపడడం లేదని వాపోయారు. ఊళ్ళో నాలుగు రూపాయలు దొరికితే పిల్లల్ని, ముసలివాళ్ళని వదిలి ఇసకకుప్పల పక్కన బతకడానికి ఎవరు ఇష్టపడతారండీ? రావడం లేదంటే కూలి సరిపోవడం లేదనేగా అర్థం! పైవాడు రాకపోతే జీతం పెంచుతారు, కిందివాడు రాకపోతే బద్ధకమంటారు.

ఇలా రాస్తే మొదట వినిపించే మాట తెలుసు నాకు. "ఇదంతా కుళ్ళుమోతుతనం. కష్టపడ్డాడు, పైకొచ్చాడు, తీసుకుంటున్నాడు. మీకెందుకు బాధ?" ఆయన తెలివితేటల్ని నేను కాదనడం లేదు. ఇంజనీరుగా చేరి అంత పెద్ద సంస్థకి అధిపతి కావడం మాటలు కాదు. కానీ పెద్ద బాధ్యతకి అంత జీతం తప్పదనీ, ఇవ్వకపోతే ప్రతిభావంతులు పారిపోతారనీ అంటారే, ఆ మాట ఒప్పుకోలేను. దేశంలోకెల్లా పెద్ద బ్యాంకు స్టేట్ బ్యాంక్. దాని ఛైర్మన్‌కి 2022-23లో ఇచ్చింది 37 లక్షలు. బంగళా, కారు వేరనుకోండి. అదే సంవత్సరం ప్రైవేటులో పెద్దదైన హెచ్.డి.ఎఫ్.సి. బ్యాంకు అధిపతికి 10 కోట్ల 55 లక్షలు. అంటే 28 రెట్లు. స్టేట్ బ్యాంకు అధిపతికి బాధ్యత తక్కువా? మారుమూల మండలంలో పింఛను డబ్బు దగ్గర్నుంచి పరిశ్రమల అప్పులదాకా ఆయన నెత్తిమీదే కదా! చంద్రయాన్-3ని 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దింపినవాళ్ళు కోట్ల జీతాలు తీసుకున్నవాళ్ళా?

ఆ 51 కోట్లనీ కాస్త విడదీసి చూస్తే మరో సంగతి తెలుస్తుంది. అందులో అసలు జీతం 3 కోట్ల 60 లక్షలు మాత్రమే. ఇతర సదుపాయాల విలువ ఓ కోటీ 67 లక్షలు, పదవీ విరమణ లాభాలు పదిన్నర కోట్లు. మిగిలిన 35 కోట్ల 28 లక్షలు కమిషను. కమిషనంటే కంపెనీ లాభంలో వాటా. నన్నడిగితే లాభంలో వాటా ఇవ్వడం ఎంతో న్యాయమైన పద్ధతి. పంట బాగా పండితే పాలేరుకి నాలుగు కుంచాలు ఎక్కువ కొలిచే రోజులు మన పెద్దవాళ్ళు చూశారు. కానీ ఈ న్యాయం పై గదిలోనే ఆగిపోయిందేం? లాభం అందరూ కలిసి తెచ్చిందైతే అందులో వాటా కూడా ఎంతోకొంత అందరిదీ కావాలిగా! ఆ ఏడాది ఛైర్మన్‌గారికి అంతకుముందు ఏడాది కంటే 43 శాతం పెరిగింది. 2024-25లో మొత్తం 76 కోట్లు దాటింది. మెట్లు కడిగే అమ్మాయికి ఏ ఏడాదైనా 43 శాతం పెరిగిందేమో అడిగి చూడండి.

ఇంతకీ ఈ జీతాలు ఎవరు నిర్ణయిస్తారు? నాకు అసలు పేచీ ఇక్కడే. డైరెక్టర్ల బోర్డులోంచి కొంతమందితో ఓ కమిటీ ఉంటుంది, పెద్దల జీతాలు సిఫార్సు చెయ్యడానికి. అందులో సగానికి తగ్గకుండా స్వతంత్ర డైరెక్టర్లు ఉండాలని చట్టం. కానీ వాళ్ళెవరు? చాలావరకూ ఇంకో కంపెనీలో అధిపతిగా ఉన్నవారో, ఉండి రిటైరైనవారో. ఇవాళ ఈయన జీతం ఆయన చూస్తే, రేపు ఇంకో బోర్డులో అలాంటివాడి జీతం ఇలాంటివాడే చూస్తాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూచున్నా ఫరవాలేదని సామెత. వీళ్ళు కడబంతిలో కూడా కూచోలేదు, మొదటి పంక్తిలోనే కూచున్నారు. గరిటె కూడా వాళ్ళ చేతుల్లోనే ఉంది!

ఈ కమిటీలు లెక్కకట్టే తీరు చదువుతుంటే నాకు మన కట్నాల బేరాలు గుర్తొచ్చాయి. నవ్వకండి, నిజం. తోటి కంపెనీలు తమ అధిపతులకు ఎంతిస్తున్నాయో చూసి, మనవాడు సగటు కంటే తక్కువవాడా ఏమిటని ఇంకాస్త కలుపుతారు. మరుసటేడు ఆ కంపెనీ వాళ్ళు దీన్ని చూసి కలుపుతారు. పక్కవీధి అల్లుడికి పది ఇచ్చారట, మావాడు అంతకు తీసిపోయాడా అని మగపెళ్ళివారు అంటారే, అచ్చం అదే. ఏ పెళ్ళికొడుకూ సగటు కంటే తక్కువ కాదు, అందుకే ధర ఎప్పుడూ దిగదు. ఈ బేరంలో ఆడపిల్ల తండ్రి ఎవరంటే... అది చివర్లో చెప్తాను.

చట్టంలో హద్దు లేకపోలేదు. డైరెక్టర్లందరికీ కలిపి లాభంలో 11 శాతం, ఒక్క మేనేజింగ్ డైరెక్టరే ఉంటే ఆయనకి 5 శాతం దాటకూడదు, దాటితే వాటాదార్ల ప్రత్యేక అనుమతి కావాలి. వేలకోట్ల లాభమున్న కంపెనీలో 5 శాతమంటే ఎంతో మీరే లెక్కవేసుకోండి. ఇంటి పైకప్పు నలభై అడుగుల ఎత్తులో కట్టి, తల తగలకుండా చూసుకో నాయనా అన్నట్టుంటుంది. 2009లో అప్పటి కేంద్రమంత్రి సల్మాన్ ఖుర్షీద్ ఈ జీతాల్ని అసభ్యమైనవన్నారు. కొన్నాళ్ళు దుమారం రేగి చల్లారింది. దాదాపు అప్పుడే ముకేశ్ అంబానీగారు తన జీతాన్ని 15 కోట్ల దగ్గర నిలిపేసుకున్నారు, 2020-21 నుంచి అసలు జీతమే తీసుకోవడం లేదు. మెచ్చుకోవలసిందే. కాకపోతే కంపెనీలో ఇంచుమించు సగం వాటా తమ కుటుంబం చేతిలో ఉండి ఏటా దాని మీద డివిడెండు వస్తున్నప్పుడు జీతం వద్దనుకోవడం తేలిక. జీతమూ సంపదా ఒకటి కాదు. మనం జీతం మీదే బతుకుతాం కాబట్టి అందరూ అంతేననుకుంటాం.

"అయినా వాళ్ళు బోలెడు దానధర్మాలు చేస్తున్నారు కదండీ" అనేవాళ్ళున్నారు. చేస్తున్నారు. 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలని చట్టమే ఉంది. మా ఊళ్ళ బడుల్లో మరుగుదొడ్లు, మంచినీళ్ళ ఫిల్టర్లు, బెంచీలు చాలా చోట్ల ఆ డబ్బుతో వచ్చినవే. కానీ ఆ 2 శాతాన్ని కేవలం తమ ఉద్యోగులకే మేలుచేసే పనుల మీద ఖర్చుపెడితే లెక్కలోకి రాదు. అది సబబైన నియమమే, లేకపోతే జీతాల్నే దానమని రాసేసుకుంటారు. అంటే చట్టం కూడా చెబుతున్నదేమిటి? పనిచేసేవాడికి ఇవ్వాల్సింది దానం కాదు, బాకీ. బాకీ తీర్చకుండా ఎంత అన్నదానం చేసినా బాకీ బాకీయే.

దానానికీ బాధ్యతకీ ఉన్న తేడా తెలుగువాళ్ళకి తెలిసినంతగా మరెవరికీ తెలియదేమో. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు మొదలైంది. దాన్ని తలపెట్టినవాడు సత్యం రామలింగరాజు. పురిటి నొప్పులతో మంచమెక్కించి మోసుకుపోవలసిన ఆడవాళ్ళకి ఆ బండి దేవుడు పంపిన రథమే అయింది. నడిపే ఖర్చులో ఎక్కువభాగం ప్రభుత్వం భరించినా ఆలోచన గొప్పది, ఏమాటకామాటే చెప్పుకోవాలి. అదే మనిషి 2009 జనవరి 7న, తన కంపెనీ లెక్కల్లో 5,040 కోట్ల లేని నగదును ఉన్నట్టు చూపించానని ఉత్తరం రాశాడు. సుమారు 53 వేలమంది ఉద్యోగులు, వాళ్ళ వెనక వాళ్ళ ఇళ్ళు. ఒక్కరోజులో షేరు విలువ ముప్పాతికకు పైగా ఊడ్చుకుపోయింది. రిటైరైన మేష్టార్లు పెన్షను డబ్బుతో కొన్న షేర్లవి. సత్యంలో ఉద్యోగమంటే ఎగబడిన సంబంధాలు తెల్లారేసరికి వెనక్కిపోయాయి. 2015 ఏప్రిల్లో ప్రత్యేక కోర్టు ఏడేళ్ళ శిక్ష వేసింది, ఆ తర్వాత పై కోర్టు ఆ శిక్షను నిలిపి బెయిలిచ్చింది. 108 నిజం, ఆ 5,040 కోట్లూ నిజమే. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని చెరిపెయ్యమనడం కుదరదు. ఒకచోట మంచి చేస్తున్నాడు కదా అని ఇంకోచోట లెక్క అడగడం మానేశామా, ఆ మానేసినదానికి ఖరీదు కట్టేది మనలాంటి ఇళ్ళే.

నలుగురి మేలు కోసం జరిగే పని ఈ దేశంలో ఎక్కువగా ఎవరు చేస్తున్నారో కూడా ఒక్కసారి చూడండి. అంగన్‌వాడీ టీచరు, ఆయా, ఆశా కార్యకర్త, బళ్ళో మధ్యాహ్నం వంటచేసే మనిషి. ఇంచుమించు అందరూ ఆడవాళ్ళే. వాళ్ళకిచ్చేదాన్ని జీతమని కూడా అనరు, గౌరవ వేతనమంటారు. బడి వంటమనిషికి నెలకి వెయ్యి రూపాయలని కేంద్రం 2009లో నిర్ణయించింది. 2024 నాటికీ అదే వెయ్యి. మన రెండు రాష్ట్రాలూ తమ వంతు కలిపి 3 వేలు చేశాయి. 2023 డిసెంబరులో ఆంధ్రాలో అంగన్‌వాడీలు సమ్మెకి దిగి 42 రోజులు రోడ్డు మీద కూచున్నారు. అప్పటికి టీచరుకిచ్చేది 11,500. సర్కారు వాళ్ళ మీద ఎస్మా కూడా ప్రయోగించింది. అత్యవసర సేవ అన్నమాట! సేవ అత్యవసరమైనప్పుడు జీతమెందుకు కాదో తెలియదు.

డబ్బుల్లేవంటారు. ఎలా ఉంటాయి? ఆస్తి వారసత్వం మీద పన్ను 1985లో పోయింది. 1957 నుంచీ ఉన్న సంపద పన్ను 2015 బడ్జెట్లో పోయింది. వచ్చేది ఏడాదికి వెయ్యికోట్లే, వసూలు చెయ్యడమే ఖర్చని చెప్పి, బదులుగా కోటి దాటిన ఆదాయాల మీద 2 శాతం సర్‌ఛార్జి అదనంగా వేశారు. 2019లో కంపెనీల పన్ను 30 శాతం నుంచి 22కి దిగింది. ఒక్కోదానికి ఏదో కారణం చెప్పారు, అన్నీ తప్పుడు కారణాలని నేననను. కానీ తగ్గించినప్పుడల్లా పైవాడికి తగ్గి, చాలదన్నప్పుడల్లా వంటమనిషి దగ్గర ఆగడం మాత్రం కళ్ళకి కనపడుతూనే ఉంది.

సరే, ఆడపిల్ల తండ్రి ఎవరో చెప్తానన్నానుగా. మనమే. ఎల్ అండ్ టికి చాలా పెద్ద కంపెనీలకి ఉన్నట్టు ఒక యజమాని కుటుంబం లేదు. దాని వాటాలు ఎక్కువగా ఎల్.ఐ.సి., మ్యూచువల్ ఫండ్లు, విదేశీ సంస్థలు, ఉద్యోగుల ట్రస్టు చేతుల్లో ఉన్నాయి. ఎల్.ఐ.సి. అంటే ఎవరు? పిల్ల పెళ్ళికని ఇరవయ్యేళ్ళ కిందట మనం కట్టడం మొదలుపెట్టిన ప్రీమియం. మ్యూచువల్ ఫండంటే? ఇంటిఖర్చులో మిగిల్చి నెలకి వెయ్యో రెండువేలో వేస్తున్న సిప్పు. ప్రావిడెంట్ ఫండు డబ్బులో కొంత కూడా 2015 నుంచీ షేర్‌మార్కెట్ సూచీల్లోకి పోతోంది, ఆ సూచీల్లో ఈ పెద్ద కంపెనీలన్నీ ఉన్నాయి. వడ్డించే పదార్థం మన గిన్నెలోదే. వడ్డన మాత్రం ఇంకెవరో చేస్తున్నారు.

అడిగితే ఏమవుతుందంటారా? 2014లో టాటా మోటార్స్‌లో ముగ్గురు పెద్ద అధికారుల జీతాల తీర్మానాలకి కావలసిన 75 శాతం ఓట్లు రాక వీగిపోయాయి. చిన్న వాటాదార్లూ ఫండ్లూ కాదన్నారు. మర్నాడే లోకం మారిపోలేదు, మరుసటేడు అవే మళ్ళీ నెగ్గాయి. 2021 ఆగస్టులో బుల్లెట్ బండ్లు చేసే ఐషర్ మోటార్స్‌లో మాత్రం కథ ఇంకోలా నడిచింది. మేనేజింగ్ డైరెక్టర్ సిద్ధార్థ లాల్ పునర్నియామకం, జీతం పెంపు కలిపి ఒకే తీర్మానంగా పెడితే వాటాదార్లు ఓడించారు. జీతం హద్దును లాభంలో ఒకటిన్నర శాతానికి దించి మళ్ళీ తెచ్చాక ఒప్పుకున్నారు. ఆయన పదవికేం కాలేదు, కంపెనీకీ ఏం కాలేదు. అడగడం వల్ల తగ్గింది, అంతే. 2022 ఏప్రిల్ నుంచి మ్యూచువల్ ఫండ్లు ప్రతి తీర్మానం మీదా ఓటు వెయ్యడం తప్పనిసరైంది. ఎలా వేశారో వెబ్‌సైట్లో పెట్టాలి కూడా. మీ డబ్బు దాస్తున్న ఫండు పోయినేడు ఎవరి జీతానికి చెయ్యెత్తిందో మీరు చూడచ్చు, ఎందుకెత్తావని ఉత్తరం రాయచ్చు.

మా ఇంట్లో నా పేర రెండు మూడు కంపెనీల షేర్లు పదో పాతికో ఉన్నాయి. మీలో కూడా చాలామందికి ఉండే ఉంటాయి, మొగుడో కొడుకో పన్ను కోసమో మరోదానికో మీ పేర కొని సంతకం పెట్టించుకున్నవి. ఆ కంపెనీల నుంచి జూలై నుంచి సెప్టెంబరు దాకా మెయిళ్ళు వస్తుంటాయి. వందల పేజీల ఇంగ్లీషు, ఎవరు చదువుతారని తీసిపారేస్తాం. అంతా చదవక్కర్లేదు. మీటింగు నోటీసులో వరసగా తీర్మానాలుంటాయి, అందులో రెమ్యూనరేషన్ అనే మాట ఎక్కడుందో వెతకండి. డైరెక్టర్ల నివేదిక వెనక అనుబంధాల్లో రెట్లు వేసిన చిన్న పట్టిక ఉంటుంది, అది చూడండి. ఓటు ఇంట్లోంచే, ఫోన్లోనే వెయ్యచ్చు. కనీసం మూడురోజులు గడువిస్తారు, మీటింగుకి ముందురోజు సాయంత్రం 5 గంటలకి మూసేస్తారు. అది మనకి టీ పెట్టే వేళ. కాబట్టి ఆ పనేదో మధ్యాహ్నం గిన్నెలు సర్దాక చూసుకోండి.